మూడు వందల ఆకుల విజయం

కాకశైలం గురించి చిత్రకంఠుడు రాసిన నూట ఎనభయ్యో ఆకులో ఇలా ఉంది: "మేఘమండలాన్ని చీల్చి, దేవతల విమానాలకు అడ్డుతగిలి, సూర్యుడి గుర్రాలు సేదతీరే తావై, మరకతమాణిక్య శిలలతో ధగధగలాడుతూ..." ఇంకా చాలా ఉంది. యాత్ర మొదలైన నలభై ఒకటో రోజున, మధ్యాహ్నానికి కాస్త ముందు, ఆ కొండ నిజంగానే ఎదురయ్యేసరికి అది పెచ్చులూడిన ఎర్రమట్టి దిబ్బలా ఉంది. ఎత్తు కూడా అంతంతమాత్రమే. కాకులు మాత్రం బోలెడన్ని ఉన్నాయి. వాటి గురించి రాయడమే అతను మరిచిపోయాడు.

కొండను చూడకుండా కొండను ఎలా వర్ణించాడని ఆశ్చర్యపోనక్కరలేదు. కాంచనవేది రాజ్యంలో ఆచారమే అది. అక్కడ ఏ రాకుమారుడు సాహసయాత్రకు బయలుదేరినా విజయగాథ ముందుగా రాయించాలి. ఆస్థాన విజయలేఖకుడు పదకొండు రోజుల్లో మూడు వందల తాటాకుల మీద విజయం మొత్తం రాసి, సభలో చదివి, ఆ గ్రంథాన్ని తక్కెడలో ఒక పొట్టేలుకు ఎదురుపెట్టి తూచాలి. పొట్టేలు పైకి లేస్తే ముహూర్తం కుదిరినట్టు. లేవకపోతే లేఖకుడు ఇంకొన్ని విశేషణాలు చేర్చాలి. ఆ తరువాత ఊరికే వెళ్ళిరావడమే మిగులుతుంది. తిరిగొచ్చాక తిథి, వారం, నక్షత్రం నింపి, చచ్చిన రాక్షసుల సంఖ్య సవరిస్తారు. దీన్నే అక్కడ మెరుగులు దిద్దడం అంటారు. సంఖ్య తగ్గిన సందర్భం చరిత్రలో లేదు.

ఆ లేఖకుడు చిత్రకంఠుడే. అతనికి "ఉపమాన కంఠీరవ" అనే బిరుదు ఉంది. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో తను రాసిన ఒక్క మాటనైనా కొట్టేసిన పాపాన పోలేదు. అదే తన గొప్పతనమని అతని నమ్మకం.

ఈసారి యాత్ర మాత్రం కొంచెం అవసరమైనదే. తామ్రజిహ్వుడనే మాంత్రికుడు కాంచనవేదికి ఉన్న ఒకే ఒక్క నదిని, శంఖినిని, రాగి చెంబులో పట్టుకుని ఈ కొండకు ఎత్తుకొచ్చాడు. దాన్ని విడిపించడానికి రాకుమారుడు ప్రచండసేనుడు అరవైమంది వీరులతో బయలుదేరాడు. మొసళ్ళ మడుగు దగ్గర ముప్పైమందికి, నిప్పుల ఇసుక దగ్గర మిగిలిన ముప్పైమందికి ఇళ్ళ దగ్గర అత్యవసరమైన పనులు గుర్తుకొచ్చాయి. ఇప్పుడు మిగిలింది ముగ్గురు మనుషులు, ఒక గాడిద. గాడిదను తోలేది చింతాలు.

చింతాలుకు నలభై ఏళ్ళుంటాయి. గ్రంథం మోయడానికి గాడిద కావాలి కనుక, గాడిదకు ఆమె కావాలి కనుక వచ్చింది. దారి పొడవునా వంట చేసింది, నీళ్ళు వెతికింది, నిప్పుల ఇసుకలో రాకుమారుడి కాళ్ళ కింద తన గొంగడి పరిచింది. మూడు వందల ఆకుల్లో ఆమె పేరు లేదు. విజయగాథల్లో గాడిదలు తోలేవాళ్ళు ఉండరు. ఉంటే అది విజయంలా కనిపించదని పండితుల అభిప్రాయం.

"అయ్యగోరూ," అంది చింతాలు కొండ ఎక్కడం మొదలవగానే. "నా గాడిద నడుం ఒంగిపోతందండి. ఆ మూటలోవి కొన్ని ఇక్కడ దించేత్తే ఏం పోద్ది?"

"ఏవి దించమంటావు?"

"మీరు సదూతా ఉంటే ఇన్నాను గదండి. రాజుగారి అబ్బాయి మొహం గురించే తొమ్మిది ఆకులున్నాయి. ఒక్క మొహానికి ఒక్క ఆకు సాలదా?"

"నీకు సాహిత్యం తెలియదు, చింతాలూ."

"తెలవదండి. బరువు తెలుసు."

ముందు నడుస్తున్న రాకుమారుడు వెనక్కి తిరిగాడు. "తొమ్మిదేనా?" అన్నాడు.

గుహ ద్వారం దగ్గర కాపలా ఉంది. తాటిచెట్టంత పొడవున్న రెండు తలల నల్లత్రాచు ద్వారాన్ని మూడు చుట్లు చుట్టుకుని పడుకుంది. ఒక తల నిద్రపోతే రెండోది మేలుకుంటుంది. వీళ్ళ అడుగుల చప్పుడుకి రెండూ లేచాయి. ప్రచండసేనుడు "ఓరీ సర్పాధమా" అని మొదలుపెట్టి కత్తి దూశాడు. పాము బుసకొట్టింది. ఆ గాలికి అతని తలపాగా ఎగిరి లోయలో పడింది. రాకుమారుడు కూడా దాని వెంటే వెళ్ళబోయి, కాంచనవేది ప్రజల అదృష్టం కొద్దీ ఇవతలి వైపు పడి మూర్ఛపోయాడు. చిత్రకంఠుడు గాడిద పొట్ట కిందకి దూరి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. తలలు రెండూ కిందికి వంగుతున్న చప్పుడు వినిపించింది. ఆ తరువాత తుమ్ములు వినిపించాయి. పెద్ద తుమ్ములు, రెండు గొంతులతో. రాళ్ళు దొర్లాయి, దుమ్ము లేచింది, చాలా పొడవైనదేదో కొండ కిందికి జారిపోతున్న చప్పుడు చాలాసేపు వినబడింది.

కళ్ళు తెరిచేసరికి చింతాలు ఖాళీ డొప్ప దులుపుతోంది.

"సారులోకని దాసుకున్న మిరియాల పొడండి," అంది. "ఇయ్యాల సారు సప్పగా ఉంటది."

మొహాన నీళ్ళు చల్లితే రాకుమారుడు లేచాడు. పాము లేకపోవడం చూశాడు, చేతిలో కత్తి ఉండడం చూశాడు, రెండింటినీ కలుపుకున్నాడు.

"రాసుకో, చిత్రకంఠా. ఒక్క వేటు."

"ముందే రాశాను ప్రభూ. రెండు వందల ఏడో ఆకు."

ముగ్గురూ గాడిదతో సహా లోపలికి వెళ్ళారు. కొండ ఎంత పేలవంగా ఉందో గుహ అంత అద్భుతంగా ఉంది. గోడలన్నీ తళతళలాడే రాగి రేకులు. పైకప్పు నుంచి వేల తీగలు వేలాడుతున్నాయి, ఒక్కో తీగ చివర ఒక్కో తాటాకు. గాలి లేదు, అయినా ఆకులన్నీ మెల్లగా తిరుగుతున్నాయి, గుసగుసలాడుతున్నాయి. పైకప్పుకు ఉన్న చిల్లులోంచి మధ్యాహ్నపు ఎండ సన్నటి ధారగా దిగి, నేల మీద పళ్ళెమంత బిళ్ళలా పడుతోంది. దాని పక్కనే నేల మీద ఒక గీత గీసి ఉంది. ఎండకు సరిగ్గా పైన, మనిషి నిలువంత రాగి నాలుక వేలాడుతోంది. గోడల మీద వందల కొద్దీ నీడలున్నాయి. ఆ నీడలకు మనుషులు లేరు.

గ్రంథం ప్రకారం అక్కడ కపాలాల తోరణాలు, నెత్తుటి మడుగు, పిశాచాల నాట్యం ఉండాలి. ఉన్నది ఒక చాప, చాప మీద వేపుడు సెనగలు నములుతున్న ఒక ముసలాయన, ఆయన పక్కన మూత బిగించిన రాగి చెంబు.

"రండి, కూర్చోండి," అన్నాడు తామ్రజిహ్వుడు. "మీది ముప్పై ఏడో విజయం."

"మాంత్రికాధమా, మా నది ఎక్కడ?" అన్నాడు రాకుమారుడు.

"ఇదుగో, చెంబులో. పట్టుకెళ్ళండి, నాకేం అభ్యంతరం లేదు. ముందు గ్రంథంలోంచి ఒక ఆకైనా చదివించాలి, ఇక్కడి పద్ధతి అది. ఆ నాలుక కింద ఆకు తగిలిస్తే అదే చదువుతుంది. చదివింది చదివినట్టు జరుగుతుంది. చూపు కొంచెం మందం దానికి, మసి పట్టిన అక్షరాలే చదవగలదు."

తాటాకు మీద గంటంతో రాయడమంటే గీతలు గీయడమే. మసి పూసి తుడిస్తే తప్ప అక్షరాలు కంటికి కనిపించవు. చిత్రకంఠుడి ఆకులన్నిటికీ శ్రేష్ఠమైన మసి పట్టి ఉంది. రాకుమారుడూ లేఖకుడూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రాసింది జరిగే చోటుకి, జరగకముందే మొత్తం రాసుకుని వచ్చారు. ఇంతకన్నా కావలసిందేముంది? చిత్రకంఠుడు సంతోషం పట్టలేక తానే మూట విప్పి, మొదటి ఆకును నాలుక కింద కొక్కేనికి తగిలించాడు.

నాలుక కదిలింది. కంచు గొంతు గుహంతా మోగింది.

"కవాటమువంటి వక్షము, మోకాళ్ళను తాకు బాహువులు, సింహపు నడుము గల ప్రచండసేన రాకుమారుడు..."

రాకుమారుడి రొమ్ము కిర్రుమని వెడల్పయి చెక్కతలుపుగా మారింది. నడుమ ఒక గడియ కూడా వచ్చింది. చేతులు సాగి మోకాళ్ళ దగ్గర ఆగాయి. నడుము పిడికెడైంది. అతను మురిసిపోయి కత్తి దూయబోయాడు. చెయ్యి ఎంత వెనక్కి లాగినా పిడి అందలేదు. మోచెయ్యి రాగి గోడకు తగిలి ఖంగుమంది.

"...తోడు ఎవ్వరూ లేక, ఒంటరిగా, ఖడ్గమొక్కటే చేతబట్టి కాకశైలమెక్కెను. ఉపమాన కంఠీరవుడగు చిత్రకంఠుడు దీనిని కళ్ళారా చూచి వ్రాసెను."

"అయ్యగోరూ," అంది వెనకనుంచి చింతాలు. "నా పాదాలు కనపట్టం లేదండి."

చెప్పులు కనబడటం లేదన్నంత మామూలుగా అంది. చిత్రకంఠుడు తిరిగి చూశాడు. చీలమండల కింద ఆమె లేదు. గాడిదకు గిట్టలు లేవు. రెండు ప్రాణాలూ నేలకు జానెడు ఎత్తున నిలబడి ఉన్నాయి. గోడ మీద కొత్తగా రెండు పాదాల నీడ వచ్చింది.

తామ్రజిహ్వుడు రెండు వేళ్ళతో నాలుకను పట్టుకుని ఆపాడు. "గోడల మీద నీడలు ఎవరివని ఎవరూ అడగరేమిటి? వంటవాళ్ళు, బోయీలు, గుర్రాలు కడిగేవాళ్ళు, వాళ్ళలో ఒకాయన మంచి వైద్యుడు. ఒంటరిగా వచ్చిన ముప్పై ఆరుగురు వీరులతో కలిసి వచ్చినవాళ్ళు. మీవాళ్ళందరూ నన్ను నరహంతకుడని రాశారు. నేను ఎవర్నీ ఏమీ చెయ్యలేదు, చదివించానంతే."

"ఆ మాట తీసేస్తాను," అన్నాడు చిత్రకంఠుడు. "ఒంటరిగా అన్న మాట తీసేస్తాను."

"తీసెయ్. కానీ నువ్వు లేరని రాసినవాళ్ళు ఆ మాట తీసేసినంత మాత్రాన తిరిగిరారు. ఉన్నారని రాయాలి. ఎండ ఆ గీత దాటగానే నాలుక తనంతట తానే చివరిసారి చదువుతుంది, అదే శాశ్వతం. దాటేలోపు ఎన్నిసార్లయినా దిద్దుకో, ఎన్నిసార్లయినా చదివించుకో. ఆలస్యమైనకొద్దీ ఆమె కరుగుతూ ఉంటుంది. ఈ మాట ముప్పై ఆరుగురికీ చెప్పాను. దిద్దడమేమిటని అడిగారు."

ఎండబిళ్ళకీ గీతకీ మధ్య జానెడు దూరముంది. చిత్రకంఠుడు ఆకు దించి, తిత్తిలోని నీళ్ళతో కండువా కొన తడిపి "తోడు ఎవ్వరూ లేక, ఒంటరిగా" అన్నచోట మసి తుడిచాడు. సొంత మాటను సొంత చేత్తో చెరపడం అదే మొదలు. పన్ను పీకించుకున్నట్టయింది. తరువాత వరుసల మధ్య సందులో గబగబా గీసి, తన చిప్పలోని మసి పూసి, ఆకు తగిలించాడు. అలవాటు ఎక్కడికి పోతుంది?

"కలువరేకుల కన్నులు, హంసనడక, తుమ్మెదబారు కురులు గల చింతాలను తరుణీమణి వెంటరాగా..." అని చదివింది నాలుక.

పట్టుచీర కట్టిన ఒకావిడ ప్రత్యక్షమైంది. కళ్ళ స్థానంలో రెండు కలువలు, తల నిండా ఝుమ్మంటున్న తుమ్మెదలు. అటొకసారి ఇటొకసారి ఒరుగుతూ నాలుగడుగులు నడిచి, గాడిద పలుపును రెండు వేళ్ళతో అసహ్యంగా పట్టుకుంది. గాడిద ఆవిడ వైపు చూసి మొహం తిప్పేసుకుంది.

"ఆయమ్మెవరండీ?" అంది చింతాలు. ఇప్పుడు ఆమె నడుం దాకా లేదు. "నా పేరెట్టుకుని తిరగతంది."

"ముందొచ్చిన గ్రంథాల వర్ణనల్లోంచి దిగిన ఇలాంటివాళ్ళు నా దగ్గర ముప్పైమంది దాకా ఉన్నారు," అన్నాడు తామ్రజిహ్వుడు సెనగలు నోట్లో వేసుకుంటూ. "ఒక్కరికీ గంజి కాయడం రాదు."

చిత్రకంఠుడు ఆ వరుస కూడా తుడిచేశాడు. పట్టుచీర ఆవిడ తుమ్మెదలతో సహా మాయమైంది. గంటం చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. ఏమీ తట్టలేదు. నలభై ఒక్క రోజులు ఆమె చేతి అన్నం తిన్నాడు. ఆమె ఎలా ఉంటుందో రాయమంటే తన దగ్గర కలువలూ హంసలూ తప్ప ఏమీ లేవు. అతనికి సిగ్గేసింది. నిజంగానే సిగ్గేసింది, దానికి ఉపమానం కూడా దొరకలేదు.

"చింతాలూ, నీ గుర్తేదైనా చెప్పు. తొందరగా."

"గుర్తేటండీ? ఎడం సేతికి సిటికినేలు లేదు గదా. రోజూ ఈ సేత్తోనే గిన్నె అందించాను. మీరు సూళ్ళేదా?"

ఆమె ఎడమచెయ్యి పైకెత్తి చూపించింది. నాలుగు వేళ్ళున్నాయి. చిత్రకంఠుడు దాన్ని మొదటిసారి చూశాడు.

"ఎలా పోయింది?"

"గాడిద కొరికిందండి. ఇది కాదు, దీని తల్లి. అది కూడా రాత్తారా?"

"వద్దు. చోటు చాలదు," అన్నాడు. రాతలో చోటు అనేదొకటి ఉంటుందని అతనికి ఇంతవరకు తెలియదు. "పామును ఎలా తరిమావు?"

"మీరక్కడే ఉన్నారు గదండి."

"కళ్ళు మూసుకున్నాను."

చింతాలు నవ్వలేదు. "రెండు తలలూ వంగేదాకా ఆగానండి. ముందే సల్లితే ఒకటి మిగిలిపోద్ది గదా. రెండూ కిందకి రాగానే మద్దెన సల్లాను."

గీతకు ఇంక నాలుగు వేళ్ళ దూరముంది. చిత్రకంఠుడు తుడవడం మొదలుపెట్టాడు. సింహపు నడుము తుడిచాడు. రాకుమారుడి పొట్ట మళ్ళీ యథాస్థానానికి వచ్చింది. కవాటం తుడిచాడు. గడియ ఊడి నేలమీద పడింది.

"చిత్రకంఠా, ఆ బాహువులు ఉంచు," అన్నాడు రాకుమారుడు. "కాసేపటికి అలవాటవుతాయి."

బాహువులు కూడా పోయాయి. తరువాత అతను తన బిరుదు దగ్గరికొచ్చాడు. దాన్ని కాసేపు చూశాడు. కండువాతో ఒక్క తుడుపు తుడిచి, పక్కనే ఉన్న "కళ్ళారా చూచి"ని కూడా తుడిచేశాడు. సందుల్లో కొత్త మాటలు గీయసాగాడు. ఒకచోట గంటం ఆగింది. రాకుమారుడు మూర్ఛపోయాడని రాసిన విజయలేఖకుడికి కాంచనవేదిలో రెండు బొటనవేళ్ళూ తీసేస్తారు. "యోగనిద్రలో ఉన్నాడు" అని గీశాడు. చదువుకున్నాడు. చింతాలు వైపు చూశాడు, ఇప్పుడామె రొమ్ము దాకా లేదు. యోగనిద్రను కొట్టేసి, ఉన్నమాటే రాశాడు. మసి పూసి, తుడిచి, ఆకు తగిలించాడు.

నాలుక అందుకుంది. ఈసారి దాని గొంతు మామూలుగా, ఇరుగుపొరుగు మాట్లాడుకుంటున్నట్టు ఉంది.

"కాకశైలం ఎక్కింది ముగ్గురు. ఎడమచేతికి చిటికెనవేలు లేని చింతాలు గాడిదను తోలుతూ వచ్చింది. ద్వారం దగ్గర రెండు తలల పాము తలలు వంచేదాకా ఆమె ఆగింది. వంచాక మిరియాల పొడి చల్లి తరిమింది. అప్పటికి రాకుమారుడు ప్రచండసేనుడు మూర్ఛపోయి ఉన్నాడు. చిత్రకంఠుడు గాడిద పొట్ట కింద కళ్ళు మూసుకున్నాడు, తరువాత ఆమెను అడిగి రాశాడు."

ముందు గాడిద గిట్టలొచ్చాయి. తరువాత చింతాలు నడుము, మోకాళ్ళు, పగిలిన మడమలు, కాలి వేళ్ళు వచ్చాయి. ఆమె నేలమీద గట్టిగా అడుగువేసి చూసుకుంది. ఎడమచేతి వేళ్ళు లెక్కపెట్టుకుంది.

"నేనేనండి," అంది.

చిత్రకంఠుడికి ఏడుపొచ్చింది. ఇరవై ఏళ్ళలో అతని రాత చదివి జనం చప్పట్లు కొట్టారు, పొట్టేళ్ళు పైకి లేచాయి. ఒక మనిషి లేచి నిలబడటం ఇదే మొదలు. తామ్రజిహ్వుడు నమలడం మానేశాడు. గోడల మీద నీడలన్నీ తలలు తిప్పి ఆ ఒక్క ఆకు వైపే చూస్తున్నాయి.

సంతోషించనివాడు ఒక్కడే ఉన్నాడు. "మూర్ఛపోయి ఉన్నాడు" అన్న మాట రాగి గోడలకు తగిలి మూడుసార్లు వినబడింది. రాకుమారుడికి ఒక్కసారి కూడా నచ్చలేదు.

"ఇది సభలో చదువుతావా? దీనికి పొట్టేలు కాదు కదా, పిచ్చుకైనా లేస్తుందా?"

"ప్రభూ, అది జరిగిన..."

"జరిగిందా లేదా అని నిన్నెవరడిగారు? రాత నీకు చేతకాకపోతే నేనే దిద్దుతాను."

ప్రచండసేనుడు ఆకు లాక్కున్నాడు. బాకు మొనతో ఆ వాక్యాన్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా నారలు లేచేలా గీకేశాడు. మళ్ళీ ఎవరూ మసి పూయకుండా మసి చిప్పను కాలితో తన్నాడు. అది దొర్లి, కండువా నుంచి నేల మీద కారిన తడిలో బోర్లాపడింది.

"ఆగండి ప్రభూ," అన్నాడు చిత్రకంఠుడు. "ఆ ఆకులో తమరున్నది ఆ ఒక్క వాక్యంలోనే. మిగతావన్నీ తుడిచేశాను."

"కాంచనవేది విజయగాథలో నేను లేకపోవడమేమిటి?" అంటూ రాకుమారుడు ఆకును తనే తగిలించాడు.

నాలుక చదివింది. పాదరక్షలు పోయాయి. మోకాళ్ళు, కత్తి, మొలనూలు, మూడు పేటల హారం పోయాయి. తొమ్మిది ఆకుల మొహం కూడా పోయింది. "ఎక్కింది ముగ్గురు" అన్న మాట ఇంకా ఉండటం వల్ల కాబోలు, చివరికి రెండు పెదాలు మాత్రం గాలిలో మిగిలాయి. గోడ మీద అందరికన్నా పొట్టిగా, తలపాగా లేని ఒక నీడ పడింది.

"చాలా బాగా దిద్దాడు," అన్నాడు తామ్రజిహ్వుడు.

గీతకు ఇంక ఒక్క వేలు దూరముంది. పెదాలు తెరుచుకున్నాయి.

"రాయి, చిత్రకంఠా," అన్నాయి. "మూర్ఛపోయాననే రాయి."

ఆకు అడుగున ఒక్క వరుసకు చోటు మిగిలింది, ఏడో వరుస. చిత్రకంఠుడు గంటం తీసుకున్నాడు. రాకుమారుడి గురించి తను కళ్ళారా చూసినవి ఇంకేమున్నాయా అని వెతుక్కున్నాడు. పెద్దగా దొరకలేదు.

"ఒక్క మూర్ఛకు మనిషి మొత్తం వస్తాడో రాడో," అన్నాడు మాంత్రికుడు. "ఆమెకు మూడు వాక్యాలు పట్టాయి."

"అయితే రెండుసార్లని రాయి," అన్నాయి పెదాలు వెంటనే. "మొసళ్ళ మడుగు దగ్గర కూడా పోయాను."

చిత్రకంఠుడు గంటం దించబోయి ఆగాడు. అడగకుండా రాయడానికి చెయ్యి రాలేదు. "రెండేనా, చింతాలూ?"

"మూడండి," అంది చింతాలు. "గబ్బిలం వాలిన రోజు మీరు సూళ్ళేదు."

పెదాలు బిగుసుకున్నాయి. ఎండబిళ్ళ అంచు గీతను తాకింది.

"మూడు," అన్నాయి పెదాలు.

చిత్రకంఠుడు ఏడో వరుస గీయడం పూర్తిచేసి, ఆకు తగిలించి, మసి కోసం చెయ్యి చాచాడు. చిప్పలో మసి లేదు, నల్లటి బురద ఉంది. గీసిన అక్షరాలు ఆకు రంగులోనే ఉన్నాయి. వాటిని ఆ నాలుక చదవలేదు.

"అన్నం కుండ," అంటూ చింతాలు అప్పటికే గాడిద వైపు పరిగెడుతోంది. నలభై ఒక్క రోజుల మసి ఆ కుండ అడుగున పేరుకుని ఉంది. కుండ మాత్రం మూటకు అవతలి వైపు, మూడు ముళ్ళ కింద ఉంది.

ఎండ గీత దాటింది. ఆకు మీద ఏడు వరుసలున్నాయి, రాకుమారుడు ఇంకా మసి పట్టని ఏడో వరుసలో ఉన్నాడు. రాగి నాలుక కదిలి, మొదటి వరుస చదవడం మొదలుపెట్టింది.